పెద్దమ్మ ఇచ్చిన సీసా నీళ్ళు

కంటికి కనబడని శత్రువుతో ఒక ఊరు చేసిన మహాయుద్ధం చెబుతాను, సర్దుకు కూర్చోండి. అంటే, అలా మొదలుపెడితే బాగుంటుందని. జరిగింది ఒక సీసా నీళ్ళ సంగతి. ఇవాళ మా ఇంటికొచ్చిన నీళ్ళ డబ్బా మీద ‘క్రిమిరహితం’ అన్న ముక్క చూడగానే గుర్తొచ్చింది.

అరవైల మొదట్లో, బియస్సీ గట్టెక్కిన కొత్తలో, గుంటూరులో నీళ్ళలోని రోగక్రిముల మీద పరిశోధన చేసే ఒక డాక్టరుగారి దగ్గర కుదిరాను. పరిశోధనలో నా వంతు, ఊళ్ళు తిరిగి బావినీళ్ళు సీసాల్లో పట్టుకురావడం. సీసా ఎవరి చేతికీ ఇవ్వకూడదని ఆయన మొదటిరోజే చెప్పారు. ఆ వేసవిలో చీరాల దగ్గర మా పెద్దమ్మ ఉండే నేతవీధిలో ఇద్దరు వాంతులూ విరేచనాలతో ఆసుపత్రి పాలయ్యారు. బావిలో క్రిములున్నాయని తేలితే బ్లీచింగ్ పౌడరు కుమ్మరిస్తారు. కుమ్మరిస్తే ఆ నీళ్ళతో అద్దే నూలు రంగు వెలిసిపోతుందని వీధంతా బెంగ. మనుషులు పోతారన్న బెంగ కూడా ఉండే ఉంటుంది, నాతో ఎవరూ అనలేదు.

“ఎండన పడొచ్చావు, కాఫీ తాగు. ఆ సీసా ఇటియ్యి, నేను తోడిస్తా,” అంది పెద్దమ్మ. ఇచ్చాను. కాఫీకి చాలాసేపే పట్టింది, జంతికలు కూడా పెట్టింది. సీసా కాస్త వెచ్చగా చేతికొచ్చింది. ఎండాకాలం కదా అనుకున్నాను, బియస్సీ చదివినవాణ్ణి.

మూడోరోజు డాక్టరుగారు, క్రిములు మొలవడానికి ఆ నీళ్ళు వేసి ఉంచిన గాజుపళ్ళెం వెలుతురుకు ఎత్తి చూశారు. “ఏమయ్యా, ఆ బావిలో కప్పలున్నాయా?”

“ఉన్నాయండి.”

“మరి ఇందులో ఒక్క క్రిమైనా మొలవలేదే. కాఫీ కాచగా మిగిలిన నీళ్ళు పట్టుకొచ్చావా?”

మళ్ళీ వెళ్ళి ఈసారి నేనే చేద వేసి తోడాను. పెద్దమ్మ బావిగట్టున నిలబడి, “ఏరా, నా జంతికలు తిని నా బావి మీదే చాడీలు మోస్తావా?” అంది.

“నువ్వు కాచిన నీళ్ళిచ్చావు కదా పెద్దమ్మా.”

“కాచిన నీళ్ళే మంచివని మీవాళ్ళే చెప్పారు కదరా. ఇంటికొచ్చినవాడికి మంచినీళ్ళిస్తే తప్పా?”

సీసా మూత బిగించి, ఈసారి ఎవరి చేతికీ ఇవ్వకుండా బస్సెక్కాను. పెద్దమ్మ ప్రశ్న డాక్టరుగారికి చెబితే, ఆయన నవ్వి సీసా అందుకున్నారు.

క్రిములు దొరికాయి. పౌడరు పడింది. ఆ తర్వాత వీధిలో ఎవరూ ఆసుపత్రికి వెళ్ళలేదు. పెద్దమ్మ మాత్రం ఆ ఏడాది చీరల రంగు నా మూలానే పోయిందని బతికినన్నాళ్ళూ తిట్టింది. కాలం అన్నిటినీ వెలిసిపోయేలా చేస్తుందంటారు. పెద్దమ్మ అద్దిన రంగు అంతదాకా ఆగేది కాదు. పౌడరు వేయకముందు కూడా మొదటి ఉతుకుకే పోయేది.