తొమ్మిది కుళాయిల మర్యాద

మా వీధిలో తొమ్మిది ఇళ్ళకీ ఒకటే బోరు. ఎవరి పెరట్లో తవ్వినా ఉప్పునీళ్ళే పడ్డాయి, మా పెరట్లో మాత్రం మంచినీళ్ళు పడ్డాయి. అందుకని అందరూ కలిసి అక్కడే మోటారు దింపి, ఒకే పైపు లైను వేసుకున్నారు. పైన ట్యాంకు లేదు. మోటారు వేస్తే నీళ్ళు తిన్నగా కుళాయిల్లోకి పోవాల్సిందే. స్విచ్చి మా వరండాలో ఉంది కాబట్టి రోజూ పొద్దున్నే అరగంట మోటారు వేసి కట్టే పని నాది. నాకది నచ్చేది. ఎవరితోనూ మాట్లాడకుండా అందరికీ పనికొచ్చే ఉద్యోగం ఇంకోటి దొరకడం కష్టం.

చిక్కల్లా ఆ పైపుతోనే. అది వీధిలోకి మలుపు తిరిగేది నా గదిలో, సరిగ్గా నా పుస్తకాల అలమార పైన. మలుపు దగ్గర జాయింటు ఉన్నట్టుండి ఊడిపోయేది. గోడలో ఎవరో సుత్తితో కొట్టినట్టు చప్పుడయ్యేది, వెనకాలే జలపాతం. మూడోసారి ఊడినప్పుడు లావుపాటి నవల ఒకటి తడిసి, ఎండబెడితే రెండింతలు ఉబ్బి, మళ్ళీ మూసుకోనని మొండికేసింది.

అమ్మ తేల్చి చెప్పేసింది. "ఇంకొక్కసారి తడిసేయంటే మొత్తం పాత పేపర్ల వాడికి వేసేస్తాను. ఇల్లంతా బూజు కంపు."

అలమార గోడలో కట్టినది, జరపడానికి లేదు. పుస్తకాలు ఇంకోచోట పెడదామంటే మంచాల కింద కూడా బియ్యం బస్తాలూ కొబ్బరికాయలే. పుస్తకాల మీదే నా రెయిన్‌కోటు కప్పి ఊరుకున్నాను.

నాన్న కరెంటు వోల్టేజీని తిట్టారు. ముక్తేశ్వరం నుంచి మేస్త్రి బండి మీద వచ్చి జాయింటు అతికించి, స్విచ్చి పక్కన గడియారంలాంటి ప్రెషర్ మీటరు ఒకటి బిగించాడు.

"ముల్లు నాలుగు దాటితే మోటారు ఠక్కున కట్టేయకండమ్మా, అదీ పైపుకి దెబ్బే. ముందు ఎవరి చేతైనా కుళాయి తిప్పించండి" అన్నాడు.

అసలు ఎందుకు దాటుతుందని అడుగుదామనుకున్నాను. నేను గొంతు సవరించుకునేసరికి అతని బండి వంతెన ఎక్కేసింది.

అప్పుడు డైరీ తీశాను. నా రోజుల్లో రాసుకోదగ్గ సంగతులు తక్కువ కాబట్టి పైపు ఊడిన రోజులు దొరకడం కష్టం కాలేదు. రెండు ఆదివారాలు, ఒక కార్తీక సోమవారం. మోటారుకి వారాలు తెలియవు. తెలిసినవాళ్ళు వీధిలో ఉన్నారు.

ఆ వచ్చే ఆదివారం మోటారు వేసి, మీటరు ముందు నిలబడ్డాను. ముల్లు రెండు దగ్గర బుద్ధిగా ఉంది. మా పక్కింటి పిన్నిగారు గేటు దగ్గరికి వచ్చి, ఎదురింటి టీచరుగారిని కేకేశారు. పిన్నిగారి భర్త కువైట్‌లో పనిచేస్తారు. టీచరుగారి కుటుంబం ఆదివారం తప్పకుండా చర్చికి వెళ్తుంది, పిన్నిగారు కార్తీక సోమవారాలు తప్పకుండా గుడికి వెళ్తారు.

"టీచరుగారండీ, మీకు చర్చికి టైమైపోతుంది. ముందు మీరు పట్టేసుకోండి. మేం కట్టేసేం. మా వైపు అయిదిళ్ళ వాళ్ళకీ చెప్పేసేను."

ముల్లు మూడుకి వచ్చింది.

"అయ్యో, అదేంటండీ! మీకు పిల్లలు నీళ్ళోసుకోవాలి కదా. మీరు కట్టేసుకుంటే మేమెలా పట్టుకుంటామండీ? మేం నాలుగిళ్ళ వాళ్ళమూ కట్టేసేం. మీరే కానివ్వండి."

"భలేవారే! మీరు పట్టుకునేదాకా మేం ముట్టుకోమండీ."

"ఆయ్, మేమూ అంతేనండీ."

ముల్లు నాలుగు దాటింది. మా కుళాయి పెరటి చివర ఉంది, దాన్ని కూడా అమ్మ మర్యాదగా కట్టేసింది. నేను అక్కడికి పరిగెత్తేలోపు జాయింటు ఆగదు. గోడలో పైపు సన్నగా వణకడం మొదలుపెట్టింది.

"కుళాయిలు తిప్పండి!" అని అరిచాను. "అందరూ! ఇప్పుడే!"

తొమ్మిది ఇళ్ళలోనూ బకెట్లలో నీళ్ళ చప్పుడు వినిపించింది. ముల్లు దిగివచ్చింది.

టీచరుగారు మా గేటు దాకా వచ్చారు. "ఏవండీ, ఆ అరిచింది మీ అమ్మాయేనా?"

"ఆయ్. దానికి గొంతుందని మాకూ ఇప్పుడే తెలిసిందండీ" అంది అమ్మ.

ఆ మధ్యాహ్నం మేస్త్రికి ఫోన్ చేసి, జరిగినదంతా నేనే చెప్పాను. అతను మర్నాడు వచ్చి, అందరి ఇళ్ళలో కొత్తగా పెట్టిన హ్యాండిల్ కుళాయిలు చూసి తల పట్టుకున్నాడు.

"పాత కుళాయిలు తిప్పితిప్పి మూసేవోరండి, నీళ్ళు మెల్లిగా ఆగేవి. ఇవి ఒక్క తోపుకే మూసుకుపోతాయి. నీళ్ళు పరిగెత్తుకొస్తుంటే మొహమ్మీద తలుపేస్తే ఏం చేస్తాయండి? వెళ్ళి మీ పుస్తకాల గోడని గుద్దుతాయి. నీళ్ళ కోసం కొట్టుకుని పైపులు పగలగొట్టినోళ్ళని చాలామందిని చూసేను. మర్యాదతో పగలగొట్టినోళ్ళని మిమ్మల్నే చూసేనండి."

ఒత్తిడి ఎక్కువైతే తనంతట తానే తెరుచుకుని, నీళ్ళని కొబ్బరి చెట్టు పాదులోకి వదిలే వాల్వు ఒకటి బిగించి వెళ్ళాడు. ఆ తర్వాత జాయింటు మళ్ళీ ఊడలేదు. రెయిన్‌కోటు తీసేశాను.

కానీ వీధిలో వాళ్ళకి నా అరుపు మీద ఉన్న నమ్మకం ఆ వాల్వు మీద లేదు. ఇప్పుడు నన్ను అడక్కుండా ఎవరూ కుళాయి మీద చెయ్యి వెయ్యరు.

"అమ్మాయ్, మా బిందె నిండింది. కట్టేసుకోమంటావా?" అని టీచరుగారు ఎదురింటి నుంచి అడుగుతారు.

"కట్టుకోండి. మెల్లిగా అండీ" అంటాను.

"మేమో?" అంటారు పిన్నిగారు. ఇంకా ఆరిళ్ళ వాళ్ళు అడగాలి.