టీచరమ్మగారి తెల్ల జాకెట్టు

నిలబడి చదవకండి, కూర్చోండి. పొన్నూరు అక్కా, బీపీ బిళ్ళ వేసుకున్నావా? అద్దంకి చెల్లీ, మోకాలికి ఆ నూనె ఏమన్నా పనిచేసిందా? గుంటూరులో ఉన్నవాళ్ళకి మిర్చి ఘాటుకి పట్టిన దగ్గులు తగ్గాయా? మీ ఇళ్ళల్లో పిల్లలంతా కులాసాయేనా? సరే, ఇక చెప్పేస్తాను. మన కుట్టు టీచరమ్మగారు మొన్న మంగళవారం తెల్లవారుతుండగా ప్రభువునందు నిద్రించారు.

ఆవిడని తలుచుకోడానికి చర్చిలో పెట్టే ఆదరణ కూడికకి వేసే చిన్న పుస్తకంలో నన్నూ రాయమన్నారు. నాది అయిదో తరగతి చదువు. తప్పులుంటే దిద్దుకోండి. అక్షరాల తప్పు కంటే పెద్ద తప్పు ఒకటుంది, అదీ చెబుతాను.

ఆవిడని ఎరగనివాళ్ళ కోసం ముందు ఈ మాట. పగలంతా మిరపకాయల తొడిమలు తీసి, చేతులు మండుతుంటే సాయంత్రం చర్చి వరండాలో కుట్టు క్లాసుకి వచ్చేవాళ్ళం. ఆవిడ మెట్ల దగ్గరే ఆపేవారు.

"ఏదీ, చెయ్యి." ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసేవారు. "ఇంకా కారమే. పో, మళ్ళీ కడుక్కో."

మూడుసార్లు సబ్బు పెట్టాలి. "తోలు ఊడొచ్చేట్టుందండీ టీచరమ్మగారూ" అన్నాను ఒకసారి.

"ఊడితే నేను కుట్టిపెడతాలే. ఆ చేత్తో మాత్రం తెల్లగుడ్డ ముట్టుకోకు."

వరండా అంతా నవ్వులు.

కుట్టు తప్పితే తిట్టేవారు కాదు. ఎవరూ చూడకుండా విప్పేస్తే మాత్రం కోపం వచ్చేది. "విప్పేముందు నాకు చూపించవే. ఎక్కడ తడబడ్డావో నాకు తెలియొద్దూ?" అనేవారు.

మాకు నేర్పడానికి నమూనాగా కుట్టిందే ఆ తెల్ల జాకెట్టు. పొడుగు చేతులు, ముందు సన్నటి మడతలు, మెడ చుట్టూ చేత్తో అల్లిన లేసు. పెళ్ళికి మంచి జాకెట్టు కుట్టించుకోలేని మా అందరికీ అదే పెళ్ళి జాకెట్టు అయింది. సన్నగా ఉన్నదానికి పక్క కుట్లు లోపలికి వేసేవారు, ఒళ్ళున్నదానికి విప్పేవారు. నాకు విప్పారు. పొన్నూరు అక్కా, నీకు ఇంకా విప్పాల్సొచ్చింది, కోప్పడకు. "లోపల గుడ్డ ఎక్కువ వదలండే, మీ తరవాత ఇంకొకతె తొడుక్కోవద్దూ" అనేవారు.

నిరుడు పట్నం నుంచి ఒక మ్యూజియం అమ్మాయి వచ్చింది. రాణుల చీరలు, పేరున్న డిజైనర్లు కుట్టిన గౌన్లు అద్దాల బీరువాల్లో పెట్టే మ్యూజియమట. వాటి పక్కన మన జాకెట్టేమిటని నాకు ఒకటే గాభరా. ఆ అమ్మాయి లేసు చూసి ఊరుకోలేదు. జాకెట్టు లోపలివైపు తిప్పి, విప్పిన కుట్ల చిల్లుల వరసల మీద వేలు పెట్టి చూసుకుంటూ పోయింది.

"ఇందులో ఎంతమంది పెళ్ళికూతుళ్ళున్నారమ్మా?" అంది.

టీచరమ్మగారు కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు.

కాగితాల పని అయ్యాక తీసుకెళతామనీ, అప్పటిదాకా ఉతకొద్దు, ఇస్త్రీ చెయ్యొద్దు అనీ చెప్పి వెళ్ళింది. టీచరమ్మగారు మంచాన పడగానే జాకెట్టు నా చేతికిచ్చారు. "నువ్వు ప్రతిదానికీ భయపడతావు గదే, జాగ్రత్తగా చూస్తావు."

ఆ భయమే కొంపముంచింది. పురుగు కొడుతుందేమోనని నిద్రపట్టేది కాదు. మా అమ్మ పెట్టెలో పెట్టినట్టే నాలుగు ఎండు మిరపకాయలు గుడ్డలో కట్టి జాకెట్టు మడతలో పెట్టాను. వానలకి పెట్టెలోకి చెమ్మ దిగింది. తీసి చూద్దును గదా, ఎడమవైపు గుండె మీద అరచేయంత ఎర్రమరక. నా చేతులు అన్నిసార్లు కడిగించిన మనిషి జాకెట్టుకి కారం పూసింది నేనే.

ఆస్పత్రికి వెళితే ఆవిడ అడగనే అడిగారు.

"జాకెట్టెలా ఉందే?"

"బాగుందండీ."

"పురుగు పట్టలేదు గదా?"

"లేదండీ."

పురుగు పట్టలేదన్నది నిజమే. ఆ ఒక్క నిజం చెప్పి బయటికొచ్చేశాను. రేపు చెబుదాం, ఒంట్లో కాస్త నెమ్మదిస్తే చెబుదాం అనుకున్నాను. నెమ్మదించలేదు.

భూస్థాపన అయిన మర్నాడు మ్యూజియం అమ్మాయి ఫోను చేసింది, తీసుకెళ్ళడానికి వస్తున్నామని. మరక చూసి వద్దంటే? ఆవిడ కుట్టు లోకం చూడకుండా నా పెట్టెలోనే మగ్గాలా? బేసిన్‌లో నీళ్ళు పోశాను, నిమ్మకాయ కోశాను, సబ్బు తెచ్చుకున్నాను. జాకెట్టు ముంచబోతుంటే చెయ్యి ఆగింది. ఎవరూ చూడకుండా విప్పడమంటే ఇదే గదా. విప్పేముందు చూపించవే అన్న మనిషి ఇప్పుడు లేరు. మీరున్నారు. మీరంతా తొడుక్కున్న జాకెట్టు. అందుకే మీకు చెబుతున్నాను. తిట్టాలనుంటే తిట్టండి, పడతాను.

నీళ్ళు పారబోశాను. వాళ్ళొచ్చే రోజు మరక కనబడేట్టే మంచం మీద పరుస్తాను. మూడుసార్లు చేతులు కడుక్కుని, వాసన చూసుకుని, పక్కన కూర్చుంటాను. వద్దంటే ఆ తప్పు నాదనీ, కుట్టుది కాదనీ చెప్పడానికి మీలో ఒకరిద్దరన్నా నా పక్కన ఉండండి. కూడిక అయ్యాక వచ్చే గురువారం, పొద్దున పదింటికి వస్తామన్నారు.