మా కోళ్లు పెట్టిన తోలు గుడ్లు

ముప్పై ఏళ్లకు పైగా ఒక మాటను నోట్లోనే పెట్టుకుని తిరిగాను. మింగనూ లేదు, ఉమ్మనూ లేదు. ఇంట్లో చెబితే "ఇంత చిన్నదానికా" అంటారని ఒక భయం, అనకపోతే ఎలాగని ఇంకో భయం. మీరు నన్ను ఎరగరు కనుక మీకు చెప్పడం సులువు. పేరు మాత్రం అడగకండి.

విషయం కోడిగుడ్లది. నవ్వితే నవ్వండి, కానీ చివరిదాకా వినండి.

ఎనభైల చివరి మాట. ఆత్మకూర్ దగ్గర మా అత్తగారి ఊరు. అప్పటికి నాకు పెళ్లయి ఐదేళ్లు. రెండుసార్లు కడుపు నిలిచింది, రెండుసార్లూ మూడో నెల దాటకుండానే పోయింది. రెండోసారి తర్వాత మా అత్త నన్ను ఆముదాల చేనుకు రావద్దని, ఇంట్లో కోళ్లను నాకు అప్పజెప్పింది. ఆరు పెట్టలు, ఒక పుంజు. ఆమె మాటలో కోపం లేదు, జాలీ లేదు.

ఆ పెట్టల్లో తెల్లది ఒకటి అప్పుడే పిల్లలను దించింది. పది పిల్లలను వెంటేసుకుని వాకిట్లో నా కాళ్ల చుట్టూ తిరిగేది. నేను చూడలేకపోయేదాన్ని. కోడిని చూసి కుళ్లుకునే మనిషి ఉంటుందా? ఉంటుంది. అలికిన వాకిలి గీకి పాడుచేస్తున్నాయని నాకు నేనే సాకు చెప్పుకుని, అత్త చేనుకు పోగానే అన్నిటినీ గూట్లోకి తోలి తలుపు వేసేదాన్ని. మట్టి గూడు, లోపల వెలుతురు ఉండదు. గుప్పెడు నూకలు, ముంతెడు నీళ్లు పెట్టేదాన్ని. అత్త తిరిగొచ్చే వేళకు మళ్లీ వదిలేదాన్ని.

అత్తకు ఇంకో పద్ధతి ఉండేది. గుడ్డు పెంకులు పారెయ్యకుండా పొయ్యిలో కాల్చి, మెత్తగా దంచి, తవుడులో కలిపి పెట్టలకు పెట్టేది. నాకూ అలాగే చెయ్యమని చెప్పింది. వారం రోజులు చేసి మానేశాను. పెంకులన్నీ పెంటకుప్ప మీదికి పోయాయి.

రెండు నెలలు తిరిగేసరికి గుడ్లు పలచబడ్డాయి. తీయబోతే వేలు దిగబడేది. తర్వాత ఒకనాడు అసలు పెంకే లేని గుడ్డు దొరికింది, ఉత్త తోలు గుడ్డు. పలుచని పొరలో అంతా లోపలే కదులుతూ, అరచేతిలో వెచ్చగా ఉంది. దాన్ని చూసి నాకేం గుర్తొచ్చిందో చెప్పనక్కరలేదు. గూటి వెనక గుంట తీసి పూడ్చిపెట్టాను. ఆ వారమే ఒక పెట్టకు గుడ్డు అడ్డంపడి, రెండు రోజులు ముడుచుకుని కూర్చుని చచ్చిపోయింది.

కోళ్లకు టీకాలు వెయ్యడానికి పశువుల దవాఖాన నుంచి కంపౌండర్ వస్తే ఆయన్ని అడిగాను. అత్త అప్పుడు చేనులో ఉంది. ఆయన గూట్లోకి వంగి చూసి, వీటికి ఎండ తగలడం లేదు, సున్నం చాలడం లేదు, బయట తిరగనిచ్చి పెంకులు దంచి పెట్టమని చెప్పాడు. అంటే మా అత్త చెప్పిందే చెప్పాడు. తప్పు ఎవరిదో నాకు ఆ రోజే తెలిసింది.

రెండు రోజులకు ఒక తోలు గుడ్డు అత్త కంట పడింది. దాన్ని చేతిలో పట్టుకుని నా వైపు చూసింది. నా కడుపు వైపు చూసిందా? చూసిందనే అనుకున్నాను. ఇప్పటికీ తేల్చుకోలేను. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు నేను చీర కుచ్చెళ్లు సర్దుకున్నాను. తను లేనప్పుడు ఇంటికి ఎవరొస్తున్నారని అడిగింది. జైతూన్ పెద్దమ్మ వస్తుందని చెప్పాను. అది నిజమే. నిజాన్ని కూడా అలా వాడుకోవచ్చని ఆ రోజే నేర్చుకున్నాను.

జైతూన్‌బీ గాజులామె. గాజుల మలారం భుజాన వేసుకుని ఇల్లిల్లూ తిరిగేది. మధ్యాహ్నం మా అరుగు మీద కూర్చుని నీళ్లు తాగి పోయేది. నాకు కడుపు పోయిన రెండుసార్లూ నా పక్కన కూర్చుని నా చెయ్యి వదలనిది ఆమే. మా ఊళ్లో ఎవరి సీమంతానికైనా ఆమె వచ్చి గాజులు తొడగాల్సిందే. చెయ్యి మంచిదని పేరు.

జైతూన్‌బీ చూపు పడిందని అత్త ఒకరికి చెప్పింది. వాళ్లు పదిమందికి చెప్పారు. కోళ్ల మీద పడ్డ చూపు కడుపుతో ఉన్నవాళ్ల మీద పడదా అని చేదబావి దగ్గర అనుకున్నారు. ఆ మాట విని ఆమె మా ఇంటికొచ్చింది. గడప బయటే నిలబడింది. భుజం మీది మలారం దించలేదు. అత్త లోపల బియ్యం చెరుగుతూ ఉండి, చాట ఆపింది.

"నీ నోటితోని చెప్పు బిడ్డా. నీ ఇంటికి నేను ఏమన్న చెడు తెచ్చిన్నా?"

"నాకేం ఎరుక లేదు పెద్దమ్మా."

"కోళ్లకు ఏమైందో నీకు ఎరుక లేదా?"

"లేదు."

మలారాన్ని భుజం మీద సర్దుకుంది. "సరే బిడ్డా. నువ్వు మంచిగుండు," అని వెళ్లిపోయింది. లోపల చాట మళ్లీ కదిలింది.

సిగ్గుతోనే అనుకుంటాను, మర్నాటి నుంచి కోళ్లను ఎండలోకి వదిలాను. అత్త చూడకుండా పెంకులు కాల్చి దంచి పెట్టాను. నేను చేసిందాన్ని నేనే సరిచేస్తున్నానని అనుకున్నాను. మూడు వారాలకు గుడ్లు గట్టిపడ్డాయి. అత్త ఒక గుడ్డును పట్టుకుపోయి వాడంతా చూపించింది. "చూసిండ్రా, గామె కాలు ఆగంగనే గుడ్లు గట్టివడ్డయి." అంతవరకు నమ్మనివాళ్లు కూడా ఆ గుడ్డు చూసి నమ్మారు. నేను దంచిన పెంకులే ఆమె మీద సాక్ష్యం చెప్పాయి. అప్పుడైనా నోరు తెరవొచ్చు. తెరిస్తే తోలు గుడ్ల నింద నా మీదికి, నా కడుపు మీదికి వస్తుంది. ఆ నింద నాకంటే ఆమెకు తేలికగా ఉంటుందని ఎలా అనుకున్నాను?

ఆ ఏడాది మా ఊళ్లో మూడు సీమంతాలు జరిగాయి. ఒక్కదానికీ ఆమెను పిలవలేదు. గడప దాటనివ్వకపోతే గాజులామె ఎవరి చేతికి తొడుగుతుంది? ఎండాకాలం వచ్చేసరికి ఇల్లు వదిలి, నారాయణపేటలో చెల్లెలి దగ్గరికి వెళ్లిపోయింది.

తర్వాత నాకు బిడ్డ పుట్టింది. బిడ్డకు ఆరేళ్లప్పుడు చీరల కోసం నారాయణపేట పోతే, అక్కడి అంగట్లో గోనెపట్టా మీద గాజులు పరుచుకుని ఆమె కనిపించింది. నన్ను ఆమే ముందు గుర్తుపట్టింది. నా బిడ్డ చెయ్యి తీసుకుని, ఎముకలు మెల్లగా వత్తి, చర్మం గీరుకోకుండా ఎర్ర గాజులు తొడిగింది. తలెత్తకుండానే అడిగింది.

"కోళ్లు మంచిగున్నయా బిడ్డా?"

"మంచిగున్నయి పెద్దమ్మా."

అంతే మాట్లాడాను. అక్కడ అత్త లేదు, ఊరు లేదు, నా ఒడి ఖాళీగా లేదు. భయపడడానికి ఏమీ మిగలలేదు, అయినా చెప్పలేదు. అందుకే భయంతో అబద్ధమాడానని చెప్పుకునే వీలు కూడా నాకు లేదు. ఆమె తెలిసి అడిగిందో, ఊరికే అడిగిందో ఇక ఎవరూ చెప్పలేరు. ఆమె పోయిందని కొన్నేళ్లకు విన్నాను. అత్తా పోయింది, జైతూన్‌బీ చూపు చెడ్డదన్న నమ్మకంతోనే.

మీరు నన్ను క్షమించాలని ఇది రాయలేదు. మీరు ఆమె కారు. గడప దగ్గర అనాల్సిన మాటను ఒక్కసారైనా పూర్తిగా అనాలని రాశాను. ఎంత పెద్దదో అనుకుంటూ మోశాను గానీ, రాస్తే రెండు ముక్కలే అయింది.

నువ్వేం చెయ్యలే పెద్దమ్మా. కోళ్లను చీకట్ల పెట్టింది నేను.