రెండో మెథడ్

జావా అనే ప్రోగ్రామింగు భాష ఎనిమిదో వెర్షను మా ఆఫీసుకు చేరిన ఏడాది జూన్‌లో నాకు రామచంద్రపురం రైసుమిల్లు పని అప్పగించారు. అప్పుడు నేను అమలాపురంలో ఒక చిన్న సాఫ్ట్‌వేర్ సంస్థలో ప్రాజెక్టు లీడర్ని. రైతు తెచ్చిన ధాన్యం తీసుకోవచ్చో లేదో కంప్యూటరు చెప్పాలి.

తేమకొక నియమం, తాలుకొక నియమం, రకానికొక నియమం. అన్నిటికీ కలిపి ‘పరీక్ష’ అనే ఇంటర్‌ఫేసు రాశాను. ఇంటర్‌ఫేసంటే ఏ పని చేయాలో చెప్పి, ఎలా చేయాలో రాసేవారికి వదిలేసే ఒప్పందం. అలా వదిలేసిన పని, అంటే మెథడ్, ఒక్కటే ఉంటే దాన్ని ఫంక్షనల్ ఇంటర్‌ఫేసు అంటారు. అప్పుడు నియమానికో క్లాసు అంటూ పొడుగాటి కోడు అక్కర్లేదు, లాంబ్డా అనే ఒక్క వరుస చాలు. ముప్పై నియమాలు ఒకే పేజీలో సర్దాను. ఆ పేజీ అందరికీ చూపించుకుని తెగ మురిసిపోయాను.

డెమోకు ముందురోజు పొద్దున మిల్లు మేనేజరుగారు ఫోన్ చేసి, ధాన్యం వద్దంటే రైతుకు కారణం కూడా చెప్పాలన్నారు. నా కింద పనిచేసే సత్యవతిని పిలిచి, ‘పరీక్ష’లో ‘కారణం’ అని రెండో మెథడ్ చేర్చమన్నాను. "ఆయ్" అంది. గోదావరి వైపు పెద్దవాళ్లతో మర్యాదగా సరేనండీ అన్నట్టు అనే ఈ మాట తప్ప ఆమె నోట ఇంకో మాట నేనెప్పుడూ వినలేదు. ఆమె ప్రొబేషను ఆ వారంతో ముగుస్తుంది. ఉద్యోగం ఖాయం చేయాలా వద్దా అన్న రిపోర్టు నేనే రాయాలి. ‘సొంత అభిప్రాయం లేని మనిషి’ అని అందులో అప్పటికే రాసి ఉంచాను.

సాయంత్రమైనా మెథడ్ చేరలేదు. విసుగొచ్చి నేనే చేర్చాను. కోడును సరిచూసే కంపైలరు ముప్పై వరుసల్నీ తప్పని తిప్పికొట్టింది. మెథడ్లు రెండుంటే లాంబ్డా దేనికి జవాబో దానికి తెలియదు. తెల్లారితే డెమో.

సత్యవతి తన స్క్రీను ఇటు తిప్పింది. ఇంటర్‌ఫేసు జోలికి పోకుండా, ఒక్కో నియమానికి దాని కారణాన్ని జతచేసే చిన్న క్లాసు మధ్యాహ్నానికే రాసేసింది.

"పొద్దున్న ఆయ్ అన్నావుగా?" అన్నాను.

"విన్నానని అన్నానండీ, ఒప్పుకున్నానని కాదండీ. పెద్దవారు మీరు చెప్తుంటే మధ్యలో కాదనలేకపోయేను. మీరు అంత ముచ్చటపడి రాసేరు కదండీ, ఆ పేజీ పాడైపోద్దని ఇలా చేసేను."

మర్నాడు మిల్లులో మొదటి బండికే తెర మీద ‘తేమ ఎక్కువ’ అని వచ్చింది. రైతు అది చదువుకుని, "ఆరబెట్టి తెస్తానండీ" అని గొడవ లేకుండా వెళ్లాడు.

రిపోర్టులో పాత వాక్యం కొట్టేసి, ‘లీడరు తప్పును లీడరు కంటే ముందే పట్టుకుంది’ అని రాసి సంతకం పెట్టాను. నా సర్వీసులో నేను ఎక్కువ గర్వపడే వాక్యం అదే. రిటైరయ్యేదాకా ఎవరు "ఆయ్" అన్నా, విన్నావా ఒప్పుకున్నావా అని అడిగాకే పని మొదలుపెట్టనిచ్చాను.