రన్‌వే మీద తెరవని కారియర్

రెండువేల ఇరవై అయిదు అక్టోబరు ఎనిమిదో తేదీ, బుధవారం, తెల్లవారుజామున అయిదు గంటలకి మా కొల్లేటి లంక గట్టు మీద ఆటో ఎక్కాం. ఆ రోజు మన వైమానిక దళం పుట్టినరోజు. అందులో పాతికేళ్ళు పనిచేసినవాణ్ని కాబట్టి ఇస్త్రీ చొక్కా తొడుక్కున్నాను. చేతిలో నాలుగు గిన్నెల కారియర్ ఉండటం వల్ల చొక్కా ఎవరి కంటా పడలేదు.

ముందే చెప్పేస్తున్నాను. నేను విమానాలు నడపలేదు, నడిపేవాళ్ళకి వండాను. పంతొమ్మిది వందల డెబ్భైలో వేలిముద్ర వేసి చేరాను. నాకు నలభయ్యేళ్ళు దాటాక, మెస్సులో రెండో టీ కోసం కూర్చునే ఒక కార్పొరల్ దగ్గర అక్షరాలు దిద్దుకున్నాను. అందుకని ఈ రాతలో ఎక్కడన్నా ఉప్పు ఎక్కువైతే సర్దుకోండి.

ప్రయాణం ఎందుకంటే, మా పక్కింటి వెంకన్న కూతురు లావణ్య కోసం. వెంకన్నకి కొల్లేటి పక్కన మూడు చేపల చెరువులున్నాయి. లావణ్య ఇంటర్ పాసయింది, వైమానిక దళంలో చేరతానంటుంది. వెంకన్న వద్దన్నాడు. కారణం అడిగితే నా పేరు చెప్పాడు.

"మీరు పాతికేళ్ళు చేశారు కదండీ బాబాయ్. మీ కబుర్లన్నీ విన్నాం. ఒక్క కబురులో విమానం ఎగిరిందాండీ? అంతా పూరీలూ, సాంబారే. గరిట తిప్పడానికి పిల్లని అంత దూరం పంపమంటారా?"

నిజమే. ఇన్నేళ్ళూ గట్టు మీద కూర్చుని నేను చెప్పింది అదే. వందమందికి ఒకేసారి పూరీలు ఎలా పొంగించాలి, పంజాబీ పైలట్‌కి మన పప్పుచారు ఎలా అలవాటు చెయ్యాలి. మా లంకలో ఎవర్ని అడిగినా వైమానిక దళం అంటే పెద్ద హోటల్ అనే చెబుతారు. ఆ బోర్డు రాసి తగిలించింది నేనే.

చివరికి వెంకన్న ఒక మెట్టు దిగాడు. చేరాలంటే ఆడపిల్లలు మైలు దూరం ఎనిమిది నిమిషాల్లో పరుగెత్తాలట. తన కళ్ళముందు, తన గడియారంతో లావణ్య అది చేసి చూపిస్తే పరీక్షకి పంపుతాడు. లేకపోతే ఆ మాట మళ్ళీ ఇంట్లో ఎత్తకూడదు, వాళ్ళ చేపల మేత కొట్టులో కూర్చోవాలి. మా గట్ల మీద సూటిగా మైలు దూరం ఎక్కడా లేదు. తాడేపల్లిగూడెంలో తెల్లదొరలు యుద్ధానికి వేసిన రన్‌వే ఉంది కదా, అక్కడ పరుగెడతానంది పిల్ల. వైమానిక దళం పుట్టినరోజున వెళ్దాం అని నేను ముచ్చటపడ్డాను. ముచ్చటపడటంతో ఆగి ఉంటే బాగుండేది.

ఆటో ఎక్కేముందే మా ఇంట్లో లావణ్యకి నాలుగు పూరీలు, బంగాళాదుంప కూర పెట్టాను. "పరుగెత్తాక తింటానండి తాతయ్యా" అంది. ఖాళీ కడుపుతో ఎవరన్నా పరుగెడతారా అని కసిరాను. తినేసింది. పెద్దవాళ్ళు వడ్డిస్తే వద్దనే పిల్లలు మా వైపు ఇంకా పుట్టలేదు.

ఏలూరు చేరేసరికి ఆరు దాటింది. దారంతా వెంకన్న మబ్బుకేసి చూస్తూ ఎవరితోనో ఫోన్లో మాట్లాడుతున్నాడు. మబ్బు పడితే చెరువులో చేపకి గాలి అందదు, నీళ్ళు చిలికే ఏరేటర్లు వెయ్యాలి. రాత్రికి ఆకివీడు నుంచి లారీ వస్తుంది, ఆ లోడు తను దగ్గరుండి ఎక్కించాలి. స్టేషన్లో టిక్కెట్లు నేను తీశాను, ఇడ్లీలు వెంకన్న తీశాడు. కూతురికి ఒక ప్లేటు పెట్టాడు. ఆ పూట ఆ పిల్ల కూతురు కాదు, పందెంలో ఎదుటి పక్షం. అయినా పెట్టాడు.

ఏడు గంటల ప్రాంతంలో పాసింజరు కదిలింది. కిటికీ దగ్గర సీట్లు దొరికాయి. దెందులూరు దాటాక పచ్చటి చేలు, మధ్యమధ్య చెరువులు, చెరువుల మీద పక్షుల్ని బెదరగొట్టే మెరుపు రిబ్బన్లు. భీమడోలులో ఎక్కిన ఒక పెద్దావిడ నా కారియర్ చూసి ఏం కూరండీ అంది. కొరమీను పులుసన్నాను. ఎవరింట్లో పెళ్ళండీ అంది. పిల్లది పరుగెత్తడానికి వెళ్తోందని చెప్పాను. ఆవిడ లావణ్యని పైనుంచి కిందికి చూసి, సంచిలోంచి రెండు జామకాయలు తీసి చేతిలో పెట్టింది. "అంత సన్నగా ఉన్నావు, తినమ్మా" అంది. పుల్ల స్టేషన్ వచ్చేలోగా అవీ అయిపోయాయి.

ఎనిమిదింటికి తాడేపల్లిగూడెంలో దిగాం. స్టేషన్ బయట పెసరట్టు వాసన వచ్చింది. ఆ తర్వాత జరిగింది మీరు ఊహించుకోగలరు. ఉప్మా పెసరట్టు, అల్లప్పచ్చడి. వెంకన్న, నేను చెరొకటి. పిల్లకి ఒకటి.

రన్‌వే స్టేషన్‌కి మరీ దూరం కాదు, ఆటోలో వెళ్ళొచ్చు. వెళ్ళేవాళ్ళు పొద్దున్నే వెళ్ళండి, తర్వాత నీడ దొరకదు. నేల చదునుగా, అంతూ పొంతూ లేనట్టు సాగుతుంది. పగుళ్ళలో గడ్డి మొలిచింది. గేదెలు మేస్తున్నాయి. నడకవాళ్ళు ఇళ్ళకి మళ్ళుతున్నారు. పాత కారు ఒకటి తడబడుతూ వస్తోంది, దాని నెత్తిన డ్రైవింగ్ స్కూల్ బోర్డు ఉంది. దాని యజమాని ఖాదర్ బాషా. మైలు ఎక్కడికి వస్తుందని అడిగితే, ఆయన కారు మీటరు చూసి కొలిచి, అక్కడ తన స్టెప్నీ టైరు గుర్తు పెట్టాడు. కారు నేర్చుకుంటున్న టీచరమ్మ శాంతకుమారిగారు కూడా దిగి నిలబడ్డారు.

ఈ నేల మీద యుద్ధం రోజుల్లో విమానాలు దిగేవని నేను గంభీరంగా మొదలుపెట్టాను. ఎవరూ వినలేదు. అందరూ లావణ్య బూట్ల లేసులు చూస్తున్నారు.

వెంకన్న ఫోనులో గడియారం నొక్కాడు. పిల్ల బాగా మొదలుపెట్టింది. సగం దాటాక డొక్క పట్టుకుంది. ఇంకాస్త వెళ్ళి కూర్చుంది. మేం చేరేసరికి వాంతి చేసుకుంటోంది. తిన్నవన్నీ వరస తప్పకుండా బయటికొచ్చాయి, జామకాయలు సహా. వైమానిక దళం పుట్టినరోజున ఆ రన్‌వేకి నేను సమర్పించుకున్నది అదీ.

శాంతకుమారిగారు నీళ్ళ సీసా తెచ్చి పిల్ల మొహం కడిగారు. పొద్దున్న ఏం తిన్నావమ్మా అని అడిగారు. లావణ్య ఒక్కొక్కటే చెప్పింది. ఆవిడ మా ఇద్దరికేసి చూసిన చూపు ఇప్పటికీ తగులుతోంది.

నాకు సిగ్గు ఎందుకంటే, ఈ ప్రపంచంలో ఆ తప్పు చెయ్యకూడనివాడు ఎవడన్నా ఉంటే నేనే. ఫ్లయింగ్ ఉన్న పొద్దున మా మెస్సులో రాజ్మా లేదు, క్యాబేజీ లేదు, నూనె ఓడే పూరీ లేదు. పైకి వెళ్తే కడుపులో గాలి ఉబ్బుతుంది, పైలట్ మెలికలు తిరిగిపోతాడు. ఇంకో పూరీ వెయ్యమని బతిమాలిన ఆఫీసర్లని కూడా మొహం మీదే కాదన్నాను. పాతికేళ్ళు పైలట్ల కడుపులు కాపాడి, మా లంక నుంచి ఒక్క పిల్ల బయల్దేరితే దాని కడుపులో గోదావరి జిల్లాలు రెండూ కుక్కాను.

వెంకన్న ఫోను జేబులో పెట్టుకున్నాడు. "అయిపోయిందండీ బాబాయ్. వెళ్దాం పదండి" అన్నాడు. లావణ్య ఏడవలేదు. లేసులు విప్పుకుంటోంది. అది చూడలేకపోయాను.

తప్పు పిల్లది కాదు, పెట్టినవాళ్ళది అన్నాను. నువ్వు ఇడ్లీ పెట్టలేదా, పెసరట్టుకి డబ్బులిచ్చింది నువ్వు కాదా అని వెంకన్నని నిలదీశాను. పెట్టకపోతే ఎలాగండీ అన్నాడు. ఆ మాటతో వాడూ మెత్తబడ్డాడు. సాయంత్రం ఎండ తగ్గాక ఇంకొక్కసారి, తర్వాత రైలెక్కేస్తే లారీ వేళకి అందుకుంటాం అని బతిమాలాను. వెంకన్న ఆలోచించి ఒప్పుకున్నాడు, షరతు మీద. అప్పటిదాకా ఎవరూ ఏమీ తినకూడదు. పిల్ల గెలిస్తేనే కారియర్ తెరవాలి. గెలవకపోతే పులుసు అలాగే లంకకి తిరిగి వెళ్ళాలి.

ఇద్దరు గోదావరి మగవాళ్ళు కొరమీను పులుసు పక్కన పెట్టుకుని మధ్యాహ్నం పస్తున్నారు. చెబితే మా ఊళ్ళో నమ్మరు.

ఖాదర్ బాషా కారు నీడలో కూర్చున్నాం. శాంతకుమారిగారు బడికి సెలవు పెట్టానని, సాయంత్రం చూసే వెళ్తానని చెప్పి ఇంటికెళ్ళారు. లావణ్య తువ్వాలు మొహం మీద వేసుకుని నిద్రపోయింది. ఆకలి తెలియకుండా చరిత్ర చెప్పడం మొదలుపెట్టాను. దొరల కాలంలో నాలుగంటే నాలుగు విమానాలతో మొదలైంది మన దళం. యుద్ధంలో బర్మా వైపు పోరాడింది. స్వతంత్రం వచ్చాక జెట్లు కొన్నారు. నేను చేరేనాటికి నాట్ అని పిట్టంత విమానం, దాని పక్కన మిగ్గులు. అప్పుడు మాది బొగ్గుల పొయ్యి. జాగ్వార్లు వచ్చేసరికి కిరసనాయిలు పొయ్యి. మిరాజులతోబాటు గ్యాసు వచ్చింది. ఇప్పుడు మనవాళ్ళే చేసిన తేజస్ ఎగురుతోంది, పొయ్యి సంగతి నాకు తెలియదు. పోయిన నెలలోనే మిగ్ ఇరవై ఒకటికి రిటైర్మెంట్ ఇచ్చారు. నాకంటే ముందు చేరింది, నేను దిగిపోయాక ఇంకో ముప్ఫయ్యేళ్ళు చేసింది. నాకు మోకాళ్ళు పోయాయి, దానికి పోలేదు.

"మళ్ళీ పొయ్యి దగ్గరికే వచ్చారండీ" అన్నాడు వెంకన్న.

తర్వాత వాడే అడిగాడు. "పోనీ, మీరు దగ్గరగా చూసింది ఒక్కటి చెప్పండి. వంట కాకుండా."

వెతుక్కున్నాను. అప్పుడు గుర్తొచ్చింది. చేరిన మరుసటి ఏడే యుద్ధం. విమానాలు నిలిపే హ్యాంగర్లో పనివాళ్ళకి టీ పట్టుకెళ్ళేవాణ్ని. ఫిట్టర్లు విమానం అంతా విప్పి, బిగించి, పుస్తకంలో సంతకం పెట్టేవారు. తర్వాత పైలట్ వచ్చేవాడు. ఎంత పెద్ద ర్యాంకన్నా కానీ, ఆ సంతకాలు చూసుకుని, కింద తన సంతకం పెట్టాకే మెట్లెక్కేవాడు. ఫిట్టరు సంతకం లేకపోతే వింగ్ కమాండరైనా నేల మీద నిలబడాల్సిందే. కెటిలు పట్టుకుని నిలబడి అది చూస్తూ ఉండేవాణ్ని. నాకు అక్షరాల మీద ఆశ పుట్టింది అక్కడ.

"ఇప్పుడు ఆ పనుల్లోకి ఆడపిల్లల్ని తీసుకుంటున్నారా?"

తీసుకుంటున్నారన్నాను.

వెంకన్న రన్‌వే చివరికేసి చూశాడు. "అంటే మా పిల్ల సంతకం పెడితే ఆఫీసరు ఎక్కుతాడన్నమాట."

"పెట్టకపోతే ఎక్కడు" అన్నాను.

ఈ ఒక్క కబురు ఇన్నేళ్ళలో గట్టు మీద ఎందుకు చెప్పలేదండీ అన్నాడు. ఎవరూ అడగలేదన్నాను. అది పూర్తిగా నిజం కాదు. చేతిలో కెటిలు పట్టుకుని ఉన్న నా బొమ్మ అందులో మరీ చిన్నగా ఉంటుంది. పూరీల కబుర్లలో నేనే వింగ్ కమాండర్ని.

నాలుగున్నరకి ఎండ పసుపెక్కింది. శాంతకుమారిగారు చెప్పినట్టే వచ్చారు. ఖాదర్ బాషా గేదెల్ని పక్కకి తోలాడు. లావణ్య రెండు గుక్కల నీళ్ళు మాత్రం తాగి, పరుగు మొదలుపెట్టే చోట నిలబడింది. వెంకన్న టైరు దగ్గర, ఫోను పట్టుకుని. నేను కారియర్ దగ్గర, నా హోదాకి తగ్గ చోట.

వచ్చేది మనిషా, ఎండమావా అన్నట్టు మొదట చిన్న చుక్క. తర్వాత చేతులు కనిపించాయి, తర్వాత మొహం. సగం దూరంలో ఆగలేదు. పొద్దున కూర్చున్న చోటు దాటింది. వెంకన్న ఒక కన్ను ఫోను మీద, ఒక కన్ను కూతురి మీద పెట్టి, ఏదో ఒకటి చూడలేక రెండింటి మధ్యా కొట్టుకుపోతున్నాడు. "రా, రా" అంటున్నాడు, చెరువు గట్టున పడవని పిలిచినట్టు. టైరు దాటి పది గజాలు పోయి ఆగింది లావణ్య. మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని వగరుస్తోంది. తండ్రికేసి చూడటంలేదు, నేలకేసి చూస్తోంది.

ఎంతైందని ఖాదర్ బాషా అడిగాడు. వెంకన్న చెప్పలేదు. ఫోను జేబులో పెట్టుకున్నాడు. పొద్దున కూడా అలాగే పెట్టుకున్నాడు. నడుచుకుంటూ నా దగ్గరకొచ్చి, నేల మీద చతికిలబడి, చెయ్యి చాపాడు.

"గిన్నెలు విప్పండి బాబాయ్. ముందు పిల్లకి పెట్టండి."

అయిదుగురం గిన్నెల్లోనూ మూతలోనూ సర్దుకుని తిన్నాం. రెండోసారి వడ్డించబోతే లావణ్య వద్దంది. ఈసారి నేను కసరలేదు.

ఆరు గంటల పాసింజరుకి ఏలూరు వైపు ఎక్కాం. చేలు చీకటిపడుతున్నాయి. వెంకన్న ఫోనులో లారీవాడికి చెబుతున్నాడు, వస్తున్నానని, పిల్ల పరీక్ష పని మీద వెళ్ళానని. పరీక్ష అనే మాట వాడు బయటివాళ్ళతో అనడం అదే మొదలు. చేబ్రోలు దగ్గర లావణ్య నా భుజం మీద వాలి నిద్రపోయింది. ఇస్త్రీ చొక్కా నలిగింది. ఖాళీ కారియర్ కాళ్ళ దగ్గర కదిలి చప్పుడు చేస్తుంటే రెండు పాదాల మధ్య నొక్కి పట్టుకున్నాను. తాడేపల్లిగూడెం వెళ్ళేవాళ్ళకి నేను చెప్పేది ఒకటే, రన్‌వే తప్పకుండా చూడండి, పెసరట్టు తర్వాత తినండి.

ఆ సాయంత్రం అక్కడ ఉన్నవాళ్ళం: డ్రైవింగ్ స్కూల్ ఖాదర్ బాషా, టీచరు శాంతకుమారిగారు, చెరువుల వెంకన్న, వంటవాడు కోటయ్య అనే నేను, పరుగెత్తిన లావణ్య.