అన్న వంతు

తొంభైల చివర ఆత్మకూరులో మా ఇంట్లో టెలిఫోను ఒకటి, కంప్యూటర్లు రెండు. కొత్తది నాది. డిగ్రీ అయ్యాక అలిగి, అన్నం మానేసి మరీ కొనిపించుకున్నాను. మా అన్నది ఉదయగిరిలో ఏదో ఆఫీసువాళ్లు తీసి పారేస్తుంటే తెచ్చుకున్న పాతది. అది తెరుచుకునేలోపు ఒక మడి తడిసిపోతుందని మా అవ్వ ఎగతాళి చేసేది.

ఇంటర్నెట్‌కి ఫోను లైను నా కంప్యూటరుకే తగిలించాలి. అక్కణ్ణించి వైరు లాగి అన్న తన దానికీ కలుపుకున్నాడు. ఏ కాలం నాటిదో అదీ, నిన్నగాక మొన్న వచ్చిన ఇదీ ఒక పట్టాన కలవలేదు. వారం రోజులు నేలమీద బోర్లా పడుకుని ఏవేవో అంకెలు మార్చాడు. ఆఖరికి తన తెరమీద మొదటి పేజీ గీత గీతగా దిగుతుంటే, నా చెయ్యి పట్టుకుని లాక్కెళ్లి చూపించాడు. అన్నకు నత్తి. సంతోషమొస్తే అసలు మాటే వచ్చేది కాదు.

చిక్కేమిటంటే, నేను ఏదైనా పెద్దది డౌన్‌లోడ్ చేస్తుంటే అన్నకు చుక్క కూడా వచ్చేది కాదు. నాది ఆపేస్తే అన్నకు మొత్తం పోయేది. రోజూ పోట్లాటే. అవ్వ చేజర్లలో చెరువునీళ్ల వంతులు చూసి పెరిగిన మనిషి. కాలవ మొదట్లో ఉన్నవాళ్లకు ఎప్పుడైనా పారుతుంది, నీళ్లు చాలనప్పుడు చివరి మడికే ముందు వదలాలని తీర్పు చెప్పింది. ఆదివారం చర్చి నుంచి వచ్చాక సాయంత్రందాకా అన్న వంతు. నాకు ఒళ్లు మండింది గానీ అవ్వ మాటకు ఇంట్లో ఎదురులేదు.

అన్నకు ఆ వంతు ఎందుకో అందరికీ తెలుసు. నెల్లూరులో పెళ్లిచూపులప్పుడు అన్న నోరు పెగల్లేదు. అంతకుముందు సంబంధాలు కూడా అలాగే తప్పిపోయాయి. ఈ అమ్మాయి మాత్రం, ఎక్కడో కంప్యూటర్లు నేర్పేది, మంచినీళ్ల గ్లాసుతోపాటు ఈమెయిలు అడ్రసు రాసిన చీటీ ఇచ్చింది. అప్పట్నుంచీ ఇద్దరూ రాసుకుంటున్నారు. రాతలో అన్న ఎంత కొంటెవాడో! దొంగతనంగా చదివాను కాబట్టి నాకు తెలుసు.

ఒక ఆదివారం అన్న అన్నానికి కూడా లేవలేదు. రాస్తాడు, కొట్టేస్తాడు, మళ్లీ రాస్తాడు. నాకేమో స్నేహితురాలు పంపిన పెళ్లి ఫోటోలు చూడాలని ఆత్రం. మూడైంది, నాలుగైంది. వాడి జోలికి పోబాకని అవ్వ ఒకటే చెప్పడం. నాకు చిర్రెత్తింది. నాకు లేనిది ఎవరికీ వద్దని నా కంప్యూటరు స్విచ్చి కట్టేశాను.

అన్న గుమ్మందాకా వచ్చి నిలబడ్డాడు. తిట్టలేదు. "ఇం... ఇంకా పంపలా" అన్నాడు. ఏం పంపలేదో అవ్వ చెప్పింది. ఆ అమ్మాయికి వచ్చిన ఇంకో సంబంధంవాళ్లు సాయంత్రానికల్లా జవాబు అడుగుతున్నారట, మీ మాట ఈలోపే చెప్పమని అన్నకు రాసిందట. పాపిష్టిదాన్ని, అడిగి ఉండొచ్చుగా!

మళ్లీ స్విచ్చి వేయబోతుంటే ఫోను మోగింది. నేనే ఎత్తాను. ఆ అమ్మాయే. ఇంట్లో మాట్లాడే వీల్లేక ఎస్టీడీ బూతుకొచ్చిందట. గంట నుంచీ చేస్తుంటే ఎంగేజేనట. మా నెట్టు ఆగాకే ఆమెకు లైను దొరికింది.

చేసిన తప్పు దిద్దుకోవాలని నాకు తొందర. "మా అన్నకు మీరంటే..." అని మొదలుపెట్టానో లేదో, అన్న రిసీవరు లాక్కున్నాడు.

"నువ్వు చెప్పబాక. నే... నేను చెప్తా."

మొదటి అక్షరం దగ్గరే మాట ఆగిపోయింది. మెడ నరాలు ఉబ్బాయి, కళ్లు మూసుకున్నాడు. పక్కనే ఉన్న నాకు రిసీవర్లోంచి బస్సు హారన్లు, ఎవరో అరటిపళ్లు అమ్మే కేక వినిపించాయి. ఆమె ఫోను పెట్టేయలేదు, హలో హలో అని తొందరపెట్టనూలేదు. ఎంతసేపయిందో తెలియదు.

"మ... మనం చేసుకుందాం" అన్నాడు అన్న.

ఆమె సరేనంది. అవ్వ వచ్చి అన్న తల నిమురుతోంది. నాకు మాత్రం ఏడుపు ఆగలేదు. పుట్టినప్పట్నుంచీ వాడితో ఒకే ఇంట్లో పెరిగాను, వాడి మాట వాడు పూర్తిచేసేదాకా ఒక్కనాడూ ఆగలేదు.