నల్లతల పక్షీ, నా పెళ్ళీ

ఆ రోజుల్లో, పక్షులను ఊరికే చూడటానికి పనిగట్టుకుని వెళ్ళేవాళ్ళుంటారని మా ఎలమంచిలి వైపు చెబితే, పాపం ఆ మనిషిని వైద్యుడికి చూపించారా అని అడిగేవారు. మాకు తెలిసిన పక్షిశాస్త్రం ఒక్కటే. జొన్న కంకి పాలు పోసుకునే వేళకు మంచె ఎక్కడం, వడిసెల తిప్పడం, పొలిమేర దాకా వినబడేలా కేక వెయ్యడం. ఆ విద్యలో నాకు మంచి పేరే ఉండేది. (చదువులో అందులో సగం పేరొచ్చినా ఈపాటికి ఇంకెక్కడో ఉండేవాణ్ణి.)

అమ్మకు సొంత అన్న, మా మావయ్య, విశాఖపట్నం పోర్టులో గుమస్తా. ఎవరో ఓడ కెప్టెన్ ఇచ్చిపోయిన బైనాక్యులర్స్ మెడలో పడ్డ నాటినుంచి ఆయనకు సముద్రపు పక్షుల పిచ్చి పట్టింది. చుట్టాలంతా చాటుగా పిట్టల మావయ్య అనేవారు. నేను మాత్రం అనేవాణ్ణి కాదు, ఎందుకంటే ఆయన కూతురంటే నాకు ప్రాణం. ఉక్కు ఫ్యాక్టరీ కడుతున్న రోజుల్లో నాకక్కడ ఉద్యోగం దొరకగానే అమ్మ వెళ్ళి పిల్లనడిగింది. మావయ్య తాపీగా, "ఉజ్జోగం సరేనే. ఈడు కుదురుగా ఓ సోట కూకోడం నానెప్పుడూ సూళ్ళేదు. ఆదివారం నాతో హార్బరుకి పంపు. ఓపిక లేనోడికి పిల్లనెలాగిత్తాను?" అన్నాడట.

ఆదివారం తెల్లవారేసరికి ఫిషింగ్ హార్బర్ పక్క ఇసుకలో ఇద్దరం చతికిలబడ్డాం. ఆయన వెతికేది నల్లతల ఉన్న పెద్ద సముద్రపు కాకి. ఒళ్ళంతా తెలుపు, తల మాత్రం సిరాలో ముంచినట్టు నలుపు, ముక్కు పసుపు. ఎక్కణ్ణుంచో చలికాలంలో వస్తుంది గాని ఈ తీరాన ఎప్పుడో గాని దిగదట. "ఇన్నేళ్ళుగా సూత్తన్నాను. ఒక్కపాలి అగుపడితే సాలు," అన్నాడు. నేను ఊపిరి కూడా ఆచితూచి పీల్చాను. కాలు తిమ్మిరెక్కి, అది నాదో మావయ్యదో తెలియని స్థితికొచ్చినా పళ్ళు బిగించి కూర్చున్నాను. ఆయన నావైపు చూసి మెచ్చుకోలుగా తలాడించాడు. నాకైతే సన్నాయి వినిపించేసింది.

అప్పుడొచ్చింది, మామూలు సముద్రపు కాకుల గుంపు మధ్య, వాటికి పెద్దన్నలాగా. "అదేరా," అంటూ మావయ్య బైనాక్యులర్స్ ఎత్తాడు. గుంపంతా తిన్నగా మా ముందు ఎవరో ఆరబెట్టుకున్న చేపల మీద దిగింది. తరవాత ఏం జరిగిందో నన్నడగకండి, నా చేతినడగండి. తిండి మీద పిట్ట వాలితే ఏం చెయ్యాలో చిన్నప్పుడే మంచె దానికి నేర్పింది. తడి ఇసుక ముద్ద ఎప్పుడు తీసిందో, ఎప్పుడు విసిరిందో తెలీదు. "హో... హోయ్" అని నేను పెట్టిన కేకకు అటుపక్క వలలు బాగుచేసుకునేవాళ్ళు కూడా లేచి నిలబడ్డారు. ఆకాశం తెల్లగా నిండి, ఆ వెంటనే ఖాళీ అయింది. మావయ్య బైనాక్యులర్స్ మాత్రం ఇంకా ఆ చేపలనే చూస్తున్నాయి.

చేపలు ఆరబెట్టినావిడ పరుగున వచ్చి, "బాగా తోలినావు బాబూ. నీల్లకెల్లి ఒచ్చీసరికి ముల్లే మిగిలీవి," అని దీవించింది. నాకది శాపంలా వినబడింది. పూర్ణా మార్కెట్ దాకా మావయ్య నాకు నాలుగడుగులు ముందే నడిచాడు. నేను పెళ్ళి మీద ఆశ వదిలేసుకున్నాను. అక్కడ టీ దుకాణం ముందు ఆగి, టీ ఊదుకుంటూ ఆయన అన్నాడు: "ఎవులివో ఏటో తెలీని సేపలకే అంత నోరు సేసుకున్నావు. రేపు నా పిల్ల కంచంలో కూడు ఎవుడైనా లాగితే ఊరుకుంటావేటి? మంచిరోజు సూడమని మీ అమ్మతో సెప్పు." గ్లాసు దించి, "ఆ పిట్టని మాత్రం నువ్వే ఎతికి సూపించాల," అని కూడా అన్నాడు.

వైశాఖంలో పెళ్ళయింది. ఆ తరవాత ప్రతి చలికాలమూ మామా అల్లుళ్ళం అదే ఇసుకలో కూర్చున్నాం. అది రాలేదు. మావయ్యే వెళ్ళిపోయాడు. మొన్న చలికాలంలో మా ఆవిడను వెంటబెట్టుకుని వెళితే, ఏ హడావిడీ లేకుండా వచ్చి నీళ్ళ అంచున నిలబడింది. బైనాక్యులర్స్ ఆమె చేతికిచ్చాను. చాలాసేపు చూసి, "దీన్నేటి మీరు తోలీసింది?" అంది. దీన్నే అన్నాను. "నయమే. ఉండిపోయుంటే ఆ సంబరంలో మా నాన్న నన్ను దానికే ఇచ్చీసేవోడు," అని నవ్వుతూనే కళ్ళు తుడుచుకుంది. మావయ్యకు వినబడేలా ఒక్క కేక వెయ్యాలనిపించింది. ఎగిరిపోతుందేమోనని ఊరుకున్నాను. ఇన్నేళ్ళకు నాకూ ఓపిక వచ్చింది, మావయ్యా.